చీలమండ, కుడివైపు

కాశీబుగ్గలో మా ఎక్స్‌రే గది
జీడి బట్టీలకి కూతవేటు దూరం.
గాలి ఇటు తిరిగిన రోజు
గోడకి వేలాడే ఎముకలన్నీ
కాలిన పిక్కల వాసనేస్తాయి.

బైపల్లి దమయంతి, ముప్పై ఎనిమిది,
చీలమండ, కుడివైపు.
నా రిజిస్టరులో ఇది నాలుగోసారి.

మొదటిసారి, తడిసిన తొక్కల గుట్ట మీంచి జారి
రెండు చెక్కలైన ఎముకని చూపించాను.
రెండోసారి అతికించాక తీశాను.
ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుని అడిగింది:
"మేకేసినారన్నారు గదా బాబూ, ఏదీ?"

ఇనప మేకైతే
దొంగని పట్టిచ్చినట్టు పట్టిచ్చేవాణ్ణి.
ఇది కరిగిపోయే రకం.
నా కిరణాలు దానిలోంచి
తెరిచిన తలుపులోంచి వెళ్ళినట్టు వెళ్ళిపోతాయి.
కనబడేది తొలిచిన బెజ్జం ఒక్కటే.

ఇనుమైతే ఎప్పుడో మళ్ళీ కోసి తియ్యాల్సి రావచ్చని
పట్నాయక్ డాక్టరు అన్నప్పుడు
ఆమె నల్లటి వేళ్ళ మీద కిలోలు లెక్కేసుకుంది.
పిక్క కొట్టే మిషనుకి చెయ్యి ఒక్కటే చాలదు,
కాలు తొక్కితేనే కత్తి దిగుతుంది.
"కరిగీదే ఎయ్యండి."
ఖరీదులో సగం అప్పు.

ఇప్పుడు ఐదో నెల.
మడమ పైన నిమ్మకాయంత వాపు.
జ్వరం లేదు. సూదితో లాగిన నీటిలో
మూడు రోజులుంచినా ఒక్క క్రిమీ మొలవలేదు.
"కుళ్ళిపోనాదేటి?"
కుళ్ళలేదమ్మా, అన్నాడు డాక్టరు,
నీ ఒళ్ళే దాన్ని తింటోంది.
కరిగేటప్పుడు కాస్త పులుపు ఊరుతుంది,
ఆ పులుపుకి చుట్టుపక్కల పొంగింది.

ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది.
బట్టీలో చేరిన కొత్తలో
బూడిద రాసుకున్నా బొబ్బలెక్కిన చేతులు,
తోలు ఊడి, మళ్ళీ పుట్టి, మళ్ళీ ఊడి
చివరికి జీడితో రాజీపడ్డ చేతులు.
"అయితే నోపల్న కూడా జీడి కారతందన్నమాట."
డాక్టరు పెన్ను ఆగింది.
అంతకంటే బాగా ఆయనా చెప్పలేడు.

ఆ రాత్రి డ్యూటీలో ఊరికే ఆలోచించాను.
మేకు దిగిన క్షణానే నెత్తురు దానికొక పూత పూసి ఉంటుంది.
తర్వాత మింగే కణాలు వచ్చి ఉంటాయి.
నోరు తెరిస్తే పట్టలేదు.
ఒక్కొక్కటీ ఓడి, ఒకదానిలోకి ఒకటి దూరి
గోడలు చెరుపుకుని
ఇన్ని గుండెలకి ఒకే కడుపై అతుక్కుని ఉంటాయి.
కిలోకి రూపాయి పెంచమని
ఒక్కొక్కరే వెళితే గుమాస్తా కసిరిన ఏడాది
ఈ ఆడవాళ్ళు చేసిందీ అదే.
ఇరవై మంది, ఒక్క గొంతు.
ఆ ఏడాది పెరిగింది అర్ధరూపాయే అనుకోండి.

పగ లేదు వాటికి.
మంచికొచ్చిందో చెడుకొచ్చిందో అడగవు.
నాది కాదు, అంతే.

నాది కాదు అనే మాట ఆమెకి కొత్త కాదు.
కింద ఆరోగ్యశ్రీ కౌంటర్లో మిషను మీద వేలు పెడితే
ఎర్ర దీపం వెలుగుతుంది.
జీడి తినేసిన గీతల్లో
దమయంతి ఎక్కడా దొరకదు దానికి.
పక్క వేలు, దాని పక్క వేలు,
వెనక వరుసలో దగ్గులు.

ఇదింకా రెండేళ్ళు సాగే జీడిపాకమట.
ఆఖరికి మేకంతా నీరూ
ఊపిరితో బయటికి పోయే గాలీ అవుతుందట.
బెజ్జంలో ఎముక ఎప్పుడు పూడుతుందో
డాక్టరు తేదీ చెప్పలేదు.

ఇవాళ కాలు సరిగ్గా పెట్టించి
ఛాతీ ఫిల్ములకి అలవాటైన నోటితో
ఊపిరి బిగబట్టు, అన్నాను.
కాలికి అక్కర్లేదు. ఆమెకా సంగతి తెలీదు.
బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని
కదలకుండా నిలబడింది.

మీట నొక్కాను.
వదిలెయ్, అన్నాను.
వదిలింది.

గాలి నా దాకా వచ్చింది,
కాస్త పిక్కల వాసనతో.